వంకాయరంగు చీర ఫోటోలో ఒకసారి బీట్‌రూట్, ఒకసారి నీలం: మానిటర్ మార్చాలా?

నేతచీర (మంగళగిరి)

అందరికీ నమస్కారం. నేను ఇంటి దగ్గర నుంచే మంగళగిరి చీరలు అమ్ముతాను. మా మామగారిది గుంట మగ్గం, మా వీధిలోనే ఇంకో నాలుగు మగ్గాల వాళ్లు మాకు నేసి ఇస్తారు. నాకు నేత రాదు. ఫోటోలు తీయడం, వాటిని దిద్దడం, వాట్సాప్‌లో పెట్టడం, పార్సిల్ కట్టడం నా వంతు. నాలుగేళ్లు బానే నడిచింది. ఈ శ్రావణమాసంలో పరువు పోయింది.

వంకాయరంగులో, నిజాం అంచుతో ఆరు చీరలు నేయించాం. అంచులో చిన్న చిన్న తేడాలుంటాయి కాబట్టి దేని ఫోటో దానికే తీస్తాను. ఆరింట్లో మూడు తిరిగొచ్చాయి. ఇద్దరు "బీట్‌రూట్ రంగు చూసి కొన్నాం, ఇదేంటి ఇలా పంపారు" అన్నారు. మూడో ఆవిడ నేవీ బ్లూ అనుకుని కొన్నారట. నాలుగో చీర డాలస్ వెళ్లింది. ఆవిడ తిప్పి పంపలేక, వీడియో కాల్‌లో చీర పట్టుకుని చూపించి, "ఇది నీలం కాదు కదమ్మా" అన్నారు. ఆ కాల్‌లో చీర నల్లగా కనిపించింది, అది వేరే సంగతి. వంకాయరంగు అని రాశాను కదండీ అంటే, "వంకాయలు ఎన్ని రంగుల్లో లేవు" అన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు. మా పెరట్లోనే రెండు రకాలున్నాయి.

నా దగ్గరున్నవి: సెకండ్‌హ్యాండ్‌లో కొన్న డీఎస్‌ఎల్‌ఆర్, ఐదేళ్ల లాప్‌టాప్, దానికి తగిలించిన 24 అంగుళాల ఐపీఎస్ మానిటర్. దిద్దడం ఫోటోషాప్‌లో. ఒకే ఫోటో లాప్‌టాప్‌లో పాలిపోయి, మానిటర్లో నీలంగా, నా ఫోన్లో మెరిసిపోతూ కనిపిస్తుంది. ఒక్క చీర మూడు చీరలయింది.

కంప్యూటర్‌లో ఉండే కాలిబ్రేషన్ విజార్డ్‌తో కంటి అంచనాకి జరిపి చూశాను. కుదర్లేదు. మానిటర్ కొన్న షాపు అబ్బాయి పెన్‌డ్రైవ్‌లో ఒక ఐసీసీ ఫైల్ ఇచ్చి, "ఇది వేసుకోండి మేడమ్, అన్నీ సెట్ అయిపోతాయి" అన్నాడు. ఫోటోషాప్ కలర్ సెట్టింగ్స్‌లో కూడా అదే పెట్టమంటే పెట్టాను. అప్పటి నుంచి ఫోటోల్లో మనుషులకి కామెర్లు వచ్చినట్టుంది.

మానిటర్ మార్చాలా? రంగులు కొలిచే పరికరం ఏదో ఉందంటున్నారు, అది కొనాలా? కొనేస్తే మళ్లీ చీర తిరిగి రాదా?

పాతప్రెస్సు (విజయవాడ)

అమ్మా, మానిటర్ మార్చకండి. ముందు ఒక్క సంగతి చెప్పండి. బీట్‌రూట్ అన్న రెండు ఫోటోలు ఏ వేళప్పుడు దిద్దారు? నీలం అన్నవి ఏ వేళప్పుడు? ఫైల్ మీద టైమ్ ఉంటుంది, చూసి రాయండి.

నేతచీర

చూశాను బాబాయ్ గారూ. బీట్‌రూట్‌వి రెండూ మధ్యాహ్నం, పిల్లలు బడికి వెళ్లాక. నేవీ బ్లూ ఫోటో రాత్రి పదిన్నరకి. డాలస్‌దీ రాత్రే, పదకొండు దాటాక. దీనికీ దానికీ సంబంధం ఏంటండీ?

పాతప్రెస్సు

అనుకున్నదే. మీ కంప్యూటర్‌లో నైట్ లైట్ అని ఒకటుంటుంది. చీకటి పడగానే తెరని పసుపు వైపు తిప్పుతుంది. కళ్లకి హాయి అని ఎవరో ఆన్ చేసి ఉంటారు. సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే దగ్గర చూడండి. రాత్రిపూట తెరే పచ్చబడి ఉంది కాబట్టి, ఫోటోలో ఉన్న నీలం మీ కంటికి ఆనలేదు. సరిపోయిందనుకుని వదిలేశారు. కొన్నవాళ్ల ఫోన్లో ఆ నీలం అంతా కనిపించింది.

పగటి సంగతి దీనికి తలకిందులు. మీ మానిటర్ బటన్లు నొక్కి మెనూలోకి వెళ్లండి. కలర్ టెంపరేచర్ దగ్గర "కూల్" అని ఉందా? చాలా మానిటర్లు పెట్టెలోంచి వచ్చేటప్పుడే అలా వస్తాయి. షాపులో పక్కపక్కన పెట్టినప్పుడు నీలం కలిసిన తెలుపే ఎక్కువ తెల్లగా అనిపిస్తుంది కదా. ఆ తెర మీద చీర మరీ నీలంగా కనపడేసరికి మీరు ఎరుపు కలిపారు. తెర దోషానికి ఫోటోకి మందు వేశారన్నమాట. అదే బీట్‌రూట్.

నేను ఇరవై రెండేళ్లు ఆఫ్‌సెట్ ప్రెస్సులో ప్లేట్లు తీసే వైపు పనిచేశాను. పెళ్లి శుభలేఖల్లో పసుపు కాస్త ఆకుపచ్చ తిరిగితే ఆడపిల్లవాళ్లు ఎంత గొడవ చేస్తారో నాకు తెలుసు. ఆ అనుభవంతో చెబుతున్నా, ఈ కాలిబ్రేషన్, ప్రొఫైల్ అనేవి రెండు వేరు వేరు పనులు. అందరూ కలిపేస్తారు.

కిరాణా కొట్టు కాటా అనుకోండి. ఖాళీ తక్కెడ దగ్గర ముల్లు సున్నా మీద నిలబడేలా చేయడం కాలిబ్రేషన్. అంత చేసినా కిలో దగ్గర ఇరవై గ్రాములు ఎక్కువ, ఐదు కిలోల దగ్గర యాభై తక్కువ చూపిస్తుందనుకోండి. ఆ తేడాలన్నీ చీటీ మీద రాసి కాటాకి అంటించడం ప్రొఫైల్. ఐసీసీ ఫైల్ అంటే ఆ చీటీయే. ఫోటోషాప్ ఆ చీటీ చదివి, తేడా లెక్కగట్టుకుని చూపిస్తుంది. చదవడం రాని ఫోటో యాప్‌కి చీటీ ఉన్నా లేనట్టే. ఇప్పుడు షాపు అబ్బాయి ఇచ్చింది ఏంటి? వేరే కొట్టు కాటా చీటీ. మోడల్ నంబర్ ఒకటే అయినా ఏ ప్యానెల్ తేడా దానిదే.

కాబట్టి ముందు ఆ ఫైల్ పీకేయండి. స్టార్ట్‌లో కలర్ మేనేజ్‌మెంట్ అని వెతికితే పాత కాలపు కిటికీ ఒకటి తెరుచుకుంటుంది. మీకు రెండు తెరలున్నాయి కాబట్టి "ఐడెంటిఫై మానిటర్స్" నొక్కి ఏది ఒకటో ఏది రెండో చూసుకోండి. మీ మానిటర్ ఎంచుకుని "యూజ్ మై సెట్టింగ్స్" దగ్గర టిక్ పెట్టి ఆ ఫైల్‌ని రిమూవ్ చేయండి. ఫోటోషాప్‌లో వర్కింగ్ స్పేస్ దగ్గర మానిటర్ ప్రొఫైల్ పెట్టడం ఇంకా పెద్ద తప్పు. అక్కడ ఎస్‌ఆర్‌జీబీ (ఫోటోలకి అందరూ వాడే రంగుల కొలత) ఉండాలి. మానిటర్ ప్రొఫైల్ తెరది, వర్కింగ్ స్పేస్ ఫోటోది. కాటా చీటీ తీసుకెళ్లి బియ్యం బస్తాకి కుట్టేశారు మీరు.

తర్వాత నైట్ లైట్ ఆపండి. మానిటర్ మెనూలో డైనమిక్ కాంట్రాస్ట్, ఈకో, బ్లూ లైట్ ఫిల్టర్ లాంటివి ఏవున్నా ఆపండి. కలర్ టెంపరేచర్ "యూజర్" కి మార్చండి. బ్రైట్‌నెస్ ఎంతుంది మీకు? తొంభై పైన ఉంటే ఫోటోలు నల్లగా దిద్దుతున్నారని అర్థం. పరికరం లేకుండా ఒక చిట్కా: వరండాలోంచి వచ్చే నీడ వెలుగులో ఒక తెల్ల కాగితం తెర పక్కన పట్టుకోండి. తెర మీద ఖాళీ తెల్ల పేజీ పెట్టండి. రెండూ ఒకే తెలుపులో కనిపించేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. కాగితం కంటే తెర నీలంగా ఉంటే మానిటర్ మెనూలో నీలం గెయిన్ (తెరలో నీలం పాలు) రెండేసి అంకెలు దించండి. మానిటర్ ఆన్ చేశాక అరగంట ఆగి ఇదంతా చేయాలి, చల్లటి తెర రంగు నిలకడగా ఉండదు.

పరికరం కొనొద్దు. విజయవాడలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసేవాళ్ల దగ్గర ఉంటుంది. తెలిసినవాళ్లుంటే ఒక్కరోజుకి అడగండి.

ఫోన్‌రాజు

ఇదంతా టైమ్ వేస్ట్ అండి. కొనేవాళ్లందరూ ఫోన్లోనే చూస్తారు. ఒకరి ఫోన్ వివిడ్ మోడ్‌లో ఉంటుంది, ఇంకొకరిది పగిలిన డిస్‌ప్లే మార్చిన డూప్లికేట్. మీరు మానిటర్ ఎంత సెట్ చేసినా వాళ్ల దగ్గర మారిపోద్ది. "రంగు కొద్దిగా తేడా ఉండవచ్చు" అని కింద ఒక లైన్ రాసేయండి, అందరూ అదే చేస్తున్నారు.

పాతప్రెస్సు

రాజుగారూ, ఫోన్ల సంగతి మీరన్నది నిజమే. కానీ ఫోన్లు కొన్ని అటు, కొన్ని ఇటు తప్పుతాయి. మనం పంపేది మధ్యలో ఉంటే ఎవరికి చూసినా కొంచెమే తేడా. మనమే ముందు ఎరుపు వైపు జరిగి కూర్చుంటే, అటు తప్పే ఫోన్ ఉన్నవాళ్లకి చీర పూర్తిగా మారిపోతుంది. ఆ లైన్ కూడా రాయమనండి, తప్పులేదు. చీర మాత్రం వెనక్కి వస్తూనే ఉంటుంది.

సెన్సార్‌పిచ్చి (హైదరాబాద్)

అక్కా, బాబాయ్ గారు తెర సంగతి చెప్పేశారు. కానీ దొంగలు ఇద్దరు కాదు, ముగ్గురు. మూడోది కెమెరా.

వంకాయరంగు, ఊదారంగు లాంటివి కెమెరాల్లో నీలంగా పడటం కొత్తేం కాదు. మన కంట్లో ఎరుపుని పట్టుకునే కణాలకి ఊదా చివర కూడా కాస్త స్పందన ఉంటుంది. అందుకే ఊదాలో మనకి ఎర్రటి ఛాయ కనిపిస్తుంది. కెమెరా సెన్సార్ మీదున్న ఎర్ర ఫిల్టర్ చాలాసార్లు ఆ చివర వెలుగుని దాదాపుగా ఆపేస్తుంది. ఎరుపు పోయిన వంకాయ ఇంకేం అవుతుంది, నీలం అవుతుంది. కాబట్టి మీ మానిటర్ని ఎంత కొలిచి పెట్టినా ఈ ఒక్క రంగు చేత్తో దిద్దక తప్పదు. తేడా ఏంటంటే, కొలిచిన తెర మీద దిద్దితే ఆ దిద్దుబాటు మీద నమ్మకం పెట్టుకోవచ్చు.

ఫోటో ఏ వెలుగులో తీస్తున్నారు? ఇంట్లో ఎల్‌ఈడీ ట్యూబ్ కింద అయితే ఆపేయండి. పెట్టె మీద సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 80 అని గొప్పగా రాస్తారు. ఆ అంకె ఎనిమిది లేత రంగుల సగటు, ముదురు ఎరుపు ఆ ఎనిమిదిలో లేదు. మామూలు ట్యూబ్ కింద కుంకుమరంగు అంచు చచ్చినట్టు కనిపించేది అందుకే. ఉత్తరం వైపు కిటికీయో వరండాయో ఉంటే అక్కడ తీయండి, ట్యూబ్ ఆపేసి. రెండు వెలుగులు కలిస్తే చీర ఒక మడత పసుపు, ఒక మడత నీలం.

జేపీజీ కాకుండా రా ఫైల్ (కెమెరా దిద్దకుండా ఇచ్చే ముడి ఫోటో) తీయండి. ప్రతి ఫోటో బ్యాచ్‌లో మొదటి ఫోటోకి చీర మీద బూడిదరంగు కార్డు పెట్టండి, వైట్ బ్యాలెన్స్ (తెలుపుని తెలుపుగా సరిచేసేది) దాని మీద నొక్కితే చాలు. 24 రంగు గళ్లుండే కలర్‌చెకర్ కార్డు దొరికితే ఇంకా మంచిది.

ఆఖర్న సేవ్ చేసేటప్పుడు ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చి, ప్రొఫైల్‌ని ఫైల్లో ఎంబెడ్ చేయండి. ఎస్‌ఆర్‌జీబీ అనేది 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ కలిసి అప్పటి డబ్బా మానిటర్లు చూపించగల రంగుల్ని బట్టి పెట్టిన కొలత. అందులో పట్టని రంగులు చీరల్లో బోలెడు. నెమలికంఠం పచ్చ ముదురుగా ఉంటే అందులో పట్టదు, ఎంత దిద్దినా కాస్త చప్పగానే ఉంటుంది. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసిన చీరలైతే ఏ కొలతకీ లొంగవు, పక్కకి తిరిగితే రంగు మారుతుంది. వాటికి చిన్న వీడియో పెట్టడమే మేలు.

నేతచీర

పది రోజులైంది, ఆలస్యానికి ఏమనుకోకండి. ఒక చావు ఇంటి పని పడింది.

నైట్ లైట్ ఆన్‌లోనే ఉంది! మా పెద్దాడు ఆన్‌లైన్ క్లాసుల కాలంలో పెట్టాడట, సాయంత్రం ఏడు నుంచి. మానిటర్ కూల్‌లోనే ఉంది. బ్రైట్‌నెస్ 95. బాబాయ్ గారు మా ఇంట్లో కూర్చుని చూసినట్టే రాశారు.

కాగితం చిట్కా చేస్తే బ్రైట్‌నెస్ 38 దగ్గర ఆగింది. మొదటి రోజు తెర చీకటి కొట్టినట్టు అనిపించి తలనొప్పి వచ్చింది. మూడో రోజుకి అలవాటైంది. ఇప్పుడు పక్కింటి వాళ్ల టీవీ చూస్తే కళ్లు మండుతున్నాయి.

తర్వాత మా ఆయన స్నేహితుడు ఒకాయన ఆల్బమ్ పని చేస్తాడు, ఆయన్ని అడిగితే కొలిచే పరికరం కొన్ని రోజులు వాడుకోమని ఇచ్చాడు. నిమ్మకాయంత ఉంది, వైరుకి ఒక బరువు ఉంటుంది. ఆ బరువుని మానిటర్ వెనక్కి వేలాడదీసి పరికరాన్ని తెర మధ్యలో ఆనిస్తే, మానిటర్‌ని కాస్త వెనక్కి వంచాక అతుక్కున్నట్టు నిలబడింది. డిస్‌ప్లేకాల్ అనే కొలిచే సాఫ్ట్‌వేర్ వేసుకున్నాను, వాలంటీర్లు కొనసాగిస్తున్న ఉచితమైనది. లోపల కొలిచే పనంతా ఆర్గిల్ అనే దానిదట, అది కూడా ఉచితమే. కరెక్షన్ దగ్గర నా మానిటర్‌కి వైట్ ఎల్‌ఈడీ అని ఎంచుకున్నాను. లక్ష్యం తెలుపు 6500 కెల్విన్ (అంకె పెరిగేకొద్దీ తెలుపు నీలం వైపు పోతుంది), గామా (మధ్య ఛాయల వెలుగు) 2.2, వెలుగు 110 నిట్లు అని పెట్టాను. ముందు మానిటర్ బటన్లతోనే ఎరుపు, ఆకుపచ్చ, నీలం గెయిన్లు జరపమంది. తెర మీద మూడు గీతలు మధ్యకి రావాలి. నీలం 100 నుంచి 84కి దించితే గానీ రాలేదు. అక్కడి నుంచి దాని పాటికి అది రంగులు వేసుకుంటూ పోయింది, నేను వంట చేసుకున్నాను. పప్పు ఉడికి పోపు పెట్టేసరికి అయిపోయింది.

కూల్‌లో ఉన్నప్పుడు కొలిస్తే తెలుపు 7900 దగ్గర చూపించింది, వెలుగు 264. అయ్యాక 6500కి కాస్త ఇటు, 111. తేడా సగటున డెల్టా ఇ (రంగు తేడాని కొలిచే అంకె) 0.7, అన్నిటికంటే ఎక్కువ ముదురు నీలం దగ్గర 2.6. రెండు లోపు ఉంటే కంటికి ఆనదని చదివాను, ఆ నీలం ఒక్కటీ దాటింది.

అంతా అయ్యాక చీర ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుని చూశాను. తమ్ముడు చెప్పినట్టే కెమెరా ఫోటోలో ఇంకా నీలం ఉంది. ఊదా ఒక్కదాన్ని ఎంచుకుని హ్యూ (రంగు ఛాయ) ఎరుపు వైపు కొంచెం జరిపాను. చీరకీ తెరకీ తేడా పోయింది అనను గానీ, మా మామగారు కళ్లజోడు పెట్టుకుని రెండూ చూసి "ఆఁ, ఇదే" అన్నారు. ఆయన రంగు అద్దే చోటికి వెళ్లి నూలు వెనక్కి పంపే మనిషి, అంత తేలిగ్గా ఒప్పుకోరు.

ఇప్పుడు కొత్త టెన్షన్. కంప్యూటర్ ఆపి మళ్లీ వేస్తే రంగు ఒక క్షణం బాగుండి, తర్వాత ఠక్కున మారుతోంది. మళ్లీ ఇంకోసారి మారుతోంది. ఏది నిజమో తెలియట్లేదు.

సెన్సార్‌పిచ్చి

పరికరంతో వచ్చిన కంపెనీ సాఫ్ట్‌వేర్ కూడా వేశారా? వేస్తే దాని లోడర్ (కొలిచిన సెట్టింగ్ ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) ఒకటి, డిస్‌ప్లేకాల్ లోడర్ ఒకటి, రెండూ స్టార్టప్‌లో లేచి కొట్టుకుంటున్నాయి. కాలిబ్రేషన్ వక్రరేఖ వీడియో కార్డు పట్టికలో ఎక్కాలి, ఆఖర్న ఎక్కించినవాడిదే నెగ్గుతుంది. కంపెనీది స్టార్టప్‌లోంచి తీసేయండి. నిద్రలోంచి లేచినప్పుడు, డ్రైవర్ అప్‌డేట్ అయినప్పుడు కూడా ఆ పట్టిక చెరిగిపోవచ్చు, డిస్‌ప్లేకాల్ లోడర్ మళ్లీ ఎక్కిస్తుంది. హెచ్‌డీఆర్ (తెర వెలుగుని ఇంకా పెంచి చూపే మోడ్) స్విచ్ మాత్రం ముట్టుకోకండి, ఈ ప్రొఫైల్ దానికి పనికిరాదు.

పాతప్రెస్సు

మానిటర్ మెనూలో ఇప్పుడున్న అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి వెనకాల అంటించండి. బ్రైట్‌నెస్, మూడు గెయిన్లు, మోడ్ పేరు. పిల్లలు ఆ బటన్లు ఒక్కటి నొక్కినా మీరు కొలిచిందంతా నీళ్లపాలు. రెండు మూడు నెలలకోసారి ఆ పరికరం మళ్లీ అడిగి తెచ్చుకోండి.

నేతచీర

అవును తమ్ముడూ, రెండూ వేశాను. కంపెనీది తీసేశాను, ఇప్పుడు ఒక్కసారే మారి ఆగిపోతోంది. బాబాయ్ గారూ, కాగితం అంటించాను, పెద్దాడికి వార్నింగ్ కూడా ఇచ్చాను.

లాప్‌టాప్ తెర కూడా కొలిచాను. ఎస్‌ఆర్‌జీబీలో 61 శాతమే చూపించగలదట. గెయిన్ బటన్లు ఎలాగూ లేవు. ఇక దాని మీద బిల్లులే.

తిరిగొచ్చిన మూడు చీరల్నీ కొత్తగా ఫోటోలు తీసి నిన్న పొద్దున పెట్టాను. ఒకటి వెళ్లిపోయింది. కొన్నది డాలస్ ఆవిడే. వాళ్ల చెల్లెలికట. "ఈసారి వంకాయలాగే ఉంది, ఏ వంకాయో కూడా తెలుస్తోంది" అని రాసింది.

పరికరం రేపు సాయంత్రం తిరిగి ఇచ్చేయాలి. మా మామగారేమో టీవీకి కూడా ఒకసారి పెట్టమంటున్నారు, క్రికెట్ గ్రౌండ్ మరీ పచ్చగా ఉందట. అవుతుందా?

పాతప్రెస్సు

లాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎంఐ తగిలించి కొలవొచ్చు గానీ, ఆ ప్రొఫైల్ లాప్‌టాప్‌లో ఉంటుంది, టీవీకి రాదు. కేబుల్ బాక్సుకి ఉపయోగం లేదు. టీవీ మెనూలో పిక్చర్ మోడ్ "వివిడ్" ఉంటుంది, దాన్ని "సినిమా" చేయండి. పరికరం అక్కర్లేదు.